సన్నాయి యెంగిలి

గడచిన వైశాఖమాసమున మా యింట నొక పెండ్లి జరిగినది. పెండ్లికూతురు మా ఆడుబిడ్డ కుమార్తె. తండ్రి లేని పిల్ల యగుటచే ఆ శుభకార్యమును మేనమామలైన మా వారును, మా మరిదియును తలకెత్తుకొనిరి. పెండ్లి ముచ్చటలు చెప్పుటకు నేనీ నాలుగు మాటలు వ్రాయబూనలేదు. ఆ పెండ్లికి ముందునాడు నా చేతులార జరిగిన యొక చిన్న పని నన్ను రెండు మాసములు సరిగా నిద్రపోనీయలేదు. దానిని చెప్పుకొనుటకు మన పత్రికకంటె దగ్గరి చోటు నాకు కనబడలేదు.

వ్యయపట్టీ వ్రాయునాడు మా మరిది మేళము దగ్గర కలము నిలిపెను. “సన్నాయి ఎందుకు వదినా? ఫోనులో కావలసినంత ఉంది. పెట్టెలోంచి వినిపిస్తే సరిపోదూ?” అనెను. వంటయింటి గడపలో కూరలు తరుగుచున్న మా యత్తగారు కత్తిపీటను ప్రక్కకు నెట్టి, “పెట్టె తాళి కట్టిస్తుందిట్రా?” అని యడిగిరి. వాదోపవాదములు చాలసేపు జరిగినవి. తుదకు ముహూర్తపు వేళకు మాత్రము సన్నాయి యనియు, విందునకును ఊరేగింపునకును డీజే యని పిలువబడు శబ్దపు పెట్టెలనియు నిర్ణయమైనది. ఇట్టి మధ్యమార్గములు మన యిండ్లలో తరచుగా దొరకును. వానివలన నష్టపోవువారు మాత్రము ఆ సంప్రదింపులలో కూర్చుండరు.

మా రొంపిచెర్లలో మాకు సన్నాయి యనిన సాహెబు తాతయే. వయస్సు డెబ్బది దాటినది. తలపాగా తెలుపు, గడ్డము తెలుపు. కంటికి శస్త్రచికిత్స చేయించుకొన్నపుడు పెట్టుకొన్న అద్దములు మాత్రము నలుపు. శ్రీరామనవమికి మా వీధి రామాలయమున కల్యాణము జరుగునప్పుడు గాని, శివరాత్రికి మా వైపునుండి కోటప్పకొండకు ప్రభ కదలునప్పుడు గాని ఆయన లేనిదే పని సాగదు. తమ ముత్తాత సాతులూరునుండి వచ్చినాడని ఆయన చెప్పుకొనును. క్రొత్తగా ఈ ప్రాంతమునకు వచ్చినవారికి వింతగా తోచు సంగతి యిది: పల్నాటను, చిలకలూరిపేట, ఒంగోలు వైపులను పెక్కు గ్రామములలో దేవుని వేకువ భూపాలముతో మేల్కొలిపి, రాత్రి నీలాంబరితో పవళింపజేయు నాదము తరతరములుగా మహమ్మదీయ కుటుంబముల చేతిలో నున్నది. ఇంట నమాజు, గుడిలో త్యాగరాజస్వామివారి కీర్తన. ఈ రెంటికిని తగవున్నదని వారికి గాని ఊరివారికి గాని తోచినట్లు లేదు.

నా మాట కొంత చెప్పవలెను. మా తండ్రిగారు నన్ను బడికి పంపలేదు. అది లోభము చేత కాదు. తాము చదువుకొన్న రీతియే ఉత్తమమని వారి నమ్మకము. శబ్దమంజరి, అమరకోశము, రఘువంశము, ఆ పిమ్మట పోతనగారి భాగవతము, భారతములో కొన్ని పర్వములు వారి యొద్దనే చదివితిని. నాట్యవర్గము చెప్పునాడు వాద్యములు నాలుగు విధములని, తంత్రులు గలవి తతములని, చర్మము మూసినవి ఆనద్ధములని, ఊదునవి సుషిరములని, తాళములవంటివి ఘనములని చెప్పి, ఊదు వాద్యములకు వేణువు నుదాహరణముగా చూపిరి. నేను అప్పుడు తొమ్మిదేండ్ల దానను. “నాన్నగారూ, మన గుడిలో సన్నాయి ఉంది గదా, అమరసింహుడు దాని పేరు చెప్పలేదేం?” అని యడిగితిని. వారు నవ్వి, “పుస్తకంలో లేకపోతే ఏం, గుడిలో ఉంది. వెళ్లి విను” అనిరి. నేను నిజముగనే వెళ్లి వినుచుండెడిదానను. రాగముల పేర్లు తెలియకముందే వాని నడకలు నాకు తెలిసినవి. సంగీతము నేర్చుకొందునని యొకసారి మా యమ్మ నడిగితిని గాని, ఆ కోరిక పోపులపెట్టె మూతతోపాటు మూతపడినది. అది వేఱు కథ.

ఇక సాహెబు తాతకు ఒక మనుమరాలున్నది. పదమూడేండ్లు. మా వారు పనిచేయు ఉన్నతపాఠశాలలో ఎనిమిదవ తరగతి ముగించినది. తండ్రి సన్నాయి పట్టలేదు. నరసరావుపేటలో ఆటో నడుపును. తల్లి మిరపకోతలకు పోవును. తాతవెంట సంచి మోసుకొనుచు తిరుగునది ఈ పిల్లయే. పదునొకండేండ్ల మా యమ్మాయికిని ఆ పిల్లకును ఎట్లు పొత్తు కుదిరినదో నాకు తెలియదు. వేసవి సెలవులలో మా పెరటి వసారాలో ఇద్దరును గచ్చకాయలాడుచుండెడివారు. మా యత్తగారికి అది అంతగా రుచింపకున్నను, పిల్లలు పెరటికి పరిమితమై యుండుటచే ఊరకుండిరి.

పెండ్లికి ముందునాడు తాత వచ్చి పందిరి చూచుకొని, మేళము కూర్చుండు చోటు మా వారితో మాటలాడుచుండెను. పెరటిలో ఆ పిల్ల సంచి విప్పి మా యమ్మాయికి సన్నాయి చూపుచున్నది. నేను రుబ్బురోటియొద్ద నుంటిని. చేతిలో పని యున్నను కన్ను అటే పోయినది. దగ్గరగా చూచుట నాకును అదే మొదలు.

దాదాపు రెండు మూరల పొడవు. పైన సన్నమై, క్రిందికి పోనుపోను వెడల్పగు నల్లని కొయ్య. అడుగున ఉమ్మెత్తపూవువలె విచ్చుకొన్న నోరు. వ్రేళ్లకు ఏడు రంధ్రములు. వానికి క్రింద మరి యైదున్నవి గాని, అవి వాయించుటకు కావు. మైనముతో కొన్నిటిని పూడ్చి నాదమును సరిచేసికొందురట. కొయ్య ఆచా యను జాతిది, మన వైపు నారయేపి యందురు. పచ్చికొయ్య పనికిరాదనియు, పాడుపడిన యిండ్ల దూలములు, స్తంభములు వెదకి తెచ్చి, ఏండ్లు ఎండినదానినే తొలుతురనియు ఆ పిల్ల చెప్పుచుండెను. తమిళదేశమున కుంభకోణము చెంతనున్న నరసింగంపేట ఈ పనికి పేరుపొందిన యూరు. అచ్చటి సన్నాయికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినదని తరువాత మా వారు చెప్పిరి. ఎవరి యింటి మధ్యస్తంభమో గుడి ముంగిట పాడుచున్నదనుకొనగా నాకు ముచ్చటవేసినది.

గొట్టము ఒక యెత్తు, దాని కొన నమర్చు పీక యొక యెత్తు. అది కావేరీతీరమున పెరుగు రెల్లుజాతి గడ్డితో చేయబడును. వ్రేలి గోరుకన్న కొంచెము పెద్దది. రెండు పలుచని రేకులు పెదవులవలె ఆని యుండును. ఊపిరి తగిలి ఆ రెండును వణకుటయే నాదము. తక్కిన రెండు మూరల కొయ్యయు ఆ వణకును పెంచుటకే. ఎండిన పీక పలుకదు గనుక మొదట దానిని నోటనుంచుకొని తడుపవలెను. సన్నాయి మెడకు దారముతో నాలుగైదు పీకలును, వానిని సవరించు సూదియు వ్రేలాడుచుండెను. వానిలో ఒక్కదానికి ఎఱ్ఱదారము కట్టియుండెను. ఆ పిల్ల ఆ యెఱ్ఱదారపు పీకను విప్పి, నోట తడిపి, కొనకు బిగించి, సన్నాయిని మా యమ్మాయి చేతిలో పెట్టినది. “గట్టిగా కొరకొద్దు. పెదిమలతో పట్టుకో” అనుట నాకు వినబడినది.

మా యమ్మాయి ఊదినది. పిల్లి తోక త్రొక్కినట్లు కూత వచ్చినది. ఇద్దరును పగలబడి నవ్విరి. ఆ నవ్వులో నేను తల యెత్తి చూచుసరికి మా యత్తగారు వంటయింటి ద్వారమున నిలిచియున్నారు.

ఆమె యొక్క మాటయు ననలేదు. ఇది నేను న్యాయముగా చెప్పవలెను. ఆమె నోరు తెరువకముందే నేను పిండిచేతితో లేచిపోయి, నా కూతురి చేతినుండి సన్నాయిని లాగి, దాని వీపుపై ఒక దెబ్బ వేసి, “ఎవరి యెంగిలో నోట పెట్టుకుంటావా? పో, నోరు పుక్కిలించుకో!” అని కసరితిని. లాగునప్పుడు సన్నాయి కొన రుబ్బురోటి యంచునకు తగిలి టక్కుమని చిన్న చప్పుడైనది. ఆ పిల్ల నా చేతిలోనుండి సన్నాయిని మెల్లగా తీసికొని, పీకను విప్పి, చున్నీ చెఱగుతో తుడిచి, సంచిలో పెట్టుకొని, “వస్తానమ్మగారూ” అని వెడలిపోయినది. ఆ వచ్చునన్న పిల్ల మఱి రాలేదు.

మఱునాడు తెల్లవారుజామున ముహూర్తము. తాత వచ్చి వాయించెను, డోలు వాయించువాడు మఱియొక యూరినుండి వచ్చెను. శ్రుతి నిలుపుటకు పూర్వమొక మనిషి వేఱుగా ఒత్తు సన్నాయి పట్టుకొని కూర్చుండెడివాడు. ఇప్పుడు ఆ పని చిన్న విద్యుత్పెట్టె చేయుచున్నది. మనుమరాలు లేదు. గట్టిమేళము మ్రోగినపుడు, సోదరీమణులారా, మీకందఱికిని తెలిసినదే, కన్నతల్లి కన్నులలో నీరు దానంతట నదియే వచ్చును. మా ఆడుబిడ్డ పమిటచెంగుతో కన్నులొత్తుకొనుచుండ నాకు నా పెండ్లి జ్ఞాపకము వచ్చినది. నా పెండ్లిలో వాయించినదియు ఈయనయే. మంగళసూత్రము కట్టిన పిమ్మట ఆయన కల్యాణి యెత్తుకొనెను. ఆలాపన ఇంకను పైస్థాయికి పోకముందే వీధిలో డీజే పెట్టెలు సరిగానున్నవో లేవో చూచుకొనుటకు ఎవరో కుఱ్ఱవాండ్రు మీట నొక్కిరి. పందిరి గుంజలు అదరినవి. తాత రెండు నిమిషములు వేచియుండెను. తరువాత పీక విప్పి, తుడిచి, పెట్టెలో పెట్టుకొనెను. భోజనములు మేళమువారికి చిట్టచివరి పంక్తిలో, పందిరి బయట, వేపచెట్టు క్రింద జరిగినవి. ఎప్పుడును జరుగునట్లే జరిగినవి. వడ్డించినది నేనే. ఎన్నడును లేనిది ఆనాడు నా చేయి వణకినది.

తరువాతి దినములలో మా యమ్మాయి నాతో ముభావముగా నుండెను. ఒక మధ్యాహ్నము మా వారి ఫోను చూచుచు, “అమ్మా, ఇటు చూడు, దొరల సన్నాయి” అని నా ముందు పెట్టినది. దాని పేరు ఓబో. పేరునకు ఫ్రెంచి భాషలో ఎత్తైన స్వరముగల కొయ్య యని యర్థమట. 17వ శతాబ్దమున ఫ్రాన్సు రాజాస్థానపు వాద్యకారుల చేతిలో అది యీ రూపము పొందినది. మన సన్నాయికన్న పొట్టిది, గొట్టము నిండ వెండిమీటలు. మీటలు లేని మన సన్నాయిపై గమకములన్నియు వ్రేలి కొసతోడను, పెదవితోడను, ఊపిరి బిగువుతోడను సాధింపవలసినదే. అయినను రెంటి ప్రాణము నొక్కటే: రెండు రేకుల రెల్లుపీక. ఉత్తరదేశపు షెహనాయి, పారసీకుల సుర్నా, మన సన్నాయి, ఈ ఓబో, అన్నియు ఒక్క యింట పుట్టి వేర్వేఱు దేశములకు కాపురమునకు పోయిన ఆడుబిడ్డలవలె నున్నవి. పాశ్చాత్యుల గొప్ప వాద్యగోష్ఠులలో నూరుమంది కూర్చుండినను, మొదట ఓబోవారు ఒక స్వరము పలికింతురు. తక్కినవారందఱును దానికి శ్రుతి కలుపుకొందురు. ఈ సంగతి విన్నప్పుడు నాకు మన వేపచెట్టు క్రింది పంక్తి కన్నులయెదుట నిలిచినది.

మఱియొక వింత. ఓబో పీక సందు మిక్కిలి సన్ననిది. దానిని వాయించువారికి ఊపిరి చాలకపోవుట కాదు కష్టము, మిగిలిపోవుట! లోపలి గాలి పోవుటకు దారి చాలక, చెడిన గాలిని ముందు బయటకు విడిచి గాని క్రొత్త గాలి పీల్చుకొనలేరట. మన సన్నాయి పీక వెడల్పైనది. అది ఎంత ఊపిరి పోసినను ఇంకను తెమ్మనును. ఓబో విద్వాంసులు పీకలు కొనుటకన్న తామే చిన్నకత్తితో గంటలకొలది చెక్కుకొనుట వాడుక. ఫ్రాన్సు దక్షిణతీరపు రెల్లు వారికి శ్రేష్ఠము, మనవారికి కావేరీతీరపుది. ఆంగ్లదేశమున ఎవెలిన్ రాత్‌వెల్ అను నామె (1911–2008) ఈ వాద్యమున మహావిదుషి యని పేరుగాంచినదని చదివితిని. ఆడుదానికి ఊదు వాద్యమేమి యనువారు అచ్చటను ఉండియే యుందురు.

అంత దూరము పోనేల? మన దేశపు సంగతులే నాకు తెలియవని ఆ నెలలో తెలిసికొంటిని. ఒంగోలు చెంత కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాగారు తండ్రియొద్దను, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి యొద్దను నేర్చిరి. తంజావూరు బాణీకి మేరువైన టి. ఎన్. రాజరత్నం పిళ్లెగారి (1898–1956) వాద్యమునకు ముగ్ధులై, ఆ బాణీని నాచ్చియార్‌కోవిల్ సోదరులయొద్ద అభ్యసించి, తుదకు శ్రీరంగముననే స్థిరపడి రంగనాథుని సన్నిధిని వాయించిరి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదు వారికి లభించినవి. 1999లో కీర్తిశేషులైరి. నాటి కృష్ణాజిల్లా గోసవీడు షేక్ హసన్ సాహెబుగారు భద్రాద్రి రాముని సన్నిధిని వాయించినవారు. మరణానంతరము 2022లో పద్మశ్రీ యీయబడినది. వీరందఱు మా పల్నాటికి కూతవేటు దూరమున పుట్టినవారని చెప్పదగినవారే. రఘువంశరాజుల వరుస తప్పక చెప్పగల నేను వీరి పేర్లు ముప్పది యైదేండ్లు దాటిన పిమ్మట విన్నాను.

అన్నిటికన్న నన్ను నిలువరించిన పేరు కాలీషాబీగారిది. ఆమెయు, భర్త షేక్ మహబూబ్ సుభానీగారును మన తెలుగునాట సన్నాయి కుటుంబములలో పుట్టి, చిన మౌలానాగారికి శిష్యులై, శ్రీరంగమున నివసించుచు జంటగా వాయించుచున్నారు. 2020 సంవత్సరమునకు ఇరువురికిని కలిపి పద్మశ్రీ ప్రకటించిరి. ఫోనులో ఆమెను చూచితిని. పట్టుచీర, నుదుట బొట్టు, చేతులనిండ గాజులు. ఆ గాజుల చేతులతో రెండు మూరల సన్నాయి. మా యత్తగారిని పిలిచి చూపితిని. ఆమె తేరిపాఱజూచి, “గుక్క తిప్పుకోకుండా ఎంతసేపు ఊదుతోందే!” అని మాత్రమనిరి.

యెంగిలి మాట నన్ను విడువలేదు. తేనె ఈగ యెంగిలి యనియు, పాలు దూడ యెంగిలి యనియు పెద్దలు చెప్పుదురు. శబరి కొఱికి యిచ్చిన పండ్ల కథ మా యమ్మాయికి ఉగ్గుపాలతో చెప్పినదానను నేనే. చెప్పునప్పుడు గొంతు గద్గదమగును గూడ. కాని, నిజము చెప్పవలెనన్న, ఆనాడు నన్ను లేపినది శాస్త్రము కాదు, అత్తగారి చూపు. ఆమె యేమి యనునో యను భయమున నేను ముందే అనివేసితిని. పెద్దల పక్షమున మనమే ముందుగా పిల్లలను కొట్టుట మన సంసారములలో ఎంత అలవాటో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆషాఢమున ముహూర్తములుండవు. తాత యింటనే యుండునని తలచి, మా యమ్మాయిని వెంటబెట్టుకొని వెళ్లితిని. ఆయన నులకమంచముపై కూర్చుండి సన్నాయికి నూనె పట్టించుచుండెను. నన్ను చూచి తత్తఱపడి లేచి, కోడలిచే కుర్చీ వేయించెను. మనుమరాలు పాలు తెచ్చుటకు పోయినదట. కొంతసేపు వానల మాట, మిరపనారు మాట నడచినవి. పిమ్మట నేను కాలీషాబీగారి సంగతి యెత్తి, పిల్లకు బాగుగా నేర్పవలసినదని చెప్పబోతిని.

“ఎందుకమ్మా ఆడపిల్లకి?” అనెను తాత. “ఏడాదికి నాలుగు నెలల పని. ఆ నాలుగు నెలలూ డీజేలే. మా అబ్బాయిని నేనే వద్దన్నాను. ఇదేమో వద్దన్నా పట్టుకునేది. పెళ్లిళ్లకి నా వెనకాల కూర్చుని వేళ్లు ఆడించేది. ఇప్పుడు దానంతట అదే మానేసింది. పోనీలే, చదువుకుంటుంది అనుకున్నా.”

“ఎప్పుడు మానింది తాతా?”

“మీ ఇంట్లో పెళ్లికి ముందురోజు నుంచి. పీక పగిలిందట. దాని పీక అది. కొత్తది ఇస్తానన్నా వద్దంది.”

రుబ్బురోటి టక్కుమన్న చప్పుడు నా చెవిలో మఱల మ్రోగినది.

నేను జరిగినది జరిగినట్లు చెప్పితిని. చెప్పుటకు నోరు రాక రెండుసార్లు ఆగితిని. ఆయన వినుచు సన్నాయిని గుడ్డతో తుడుచుచునే యుండెను. తరువాత ఆయన చెప్పిన మాట నేనెన్నడును ఊహింపనిది. “మీరు పరాయివాళ్ల ఎంగిలి అన్నారు గానీ అమ్మా, మాలోనూ ఒకరి పీక ఇంకొకరు ముట్టరు. నా పీక నా తమ్ముడికి కూడా ఇవ్వను. ఒక్కో నోటికి ఒక్కో పీక. కొత్త పీక మొండిగా ఉంటుంది; నానబెట్టుకుంటూ, ఊదుకుంటూ, మన పెదిమకి అది అలవాటు పడాలి, దానికి మనం అలవాటు పడాలి. దీనికి ఆ ఎర్రదారం పీక ఒక్కటే మాట వినేది. దాన్ని మీ పాపకి ఎట్లా ఇచ్చిందో నాకు తెలియదు.”

మా యమ్మాయి ఆ మాట విని, ఇంటినుండి వచ్చినప్పటినుండి ఆపుకొన్న యేడ్పు నంతయు ఒక్కసారి విడిచినది. సరిగా అప్పుడే ఆ పిల్ల పాలచెంబుతో వాకిట నిలిచినది. నేను లేచి దానియొద్దకు పోయి, తప్పు నాదని చెప్పితిని. పెద్దవారు చిన్నవారితో అట్లు చెప్పుట మా యిండ్లలో వాడుక లేదు. ఏ మాటలతో చెప్పితినో నాకే గుర్తులేదు. ఆ పిల్ల తలవంచుకొని, “పీకదేముందమ్మగారూ” అని మాత్రమనెను. ఆపై చెంబు దించి, మా యమ్మాయి చేయి పట్టుకొని గేదెదూడను చూపుటకు తీసికొనిపోయినది.

పీకలు తాత యెప్పుడును తెప్పించుకొను తమిళదేశపు పనివానికే ఫోను చేయించి, తపాలాలో పంపుమని మా వారిచే డబ్బు కట్టించితిని. ఒక కట్టలో పండ్రెండు. పండ్రెండింటిలో మంచిగా పలుకునవి మూడో నాలుగో యుండునని తాత ముందే చెప్పెను. దుకాణములో ఏరుకొనుట సాధ్యము కాదు. ఏది పలుకునో అది తడిసిన పిమ్మట గాని తెలియదు. పిల్లకు నేర్పు విషయమున ఆయన నాకింకను మాట యియ్యలేదు. “పది పాసవనివ్వండి, చూద్దాం” అన్నాడు. మా వారు సాయంకాలము లెక్కలు చెప్పెదమనిరి. లెక్కల మాట ఆ పిల్లకు సన్నాయి మాటయంత రుచించినట్లు లేదు.

మా యత్తగారికి జరిగినదంతయు చెప్పితిని. ఆమె చాలసేపు జపమాల త్రిప్పుచు, “అయితే వాళ్లకూ మడి ఉందన్నమాట” అనిరి. ఆ మాటతో ఆమె మనస్సు సగము కుదుటబడినట్లు తోచినది. ఆమెకు తెలిసిన త్రోవలోనే ఆమె వచ్చినది. నేను దానిని దిద్దబోలేదు.

శ్రావణమాసపు రెండవ శుక్రవారము పీకల కట్ట వచ్చినది. సాయంకాలము ఆ పిల్ల పెరటి వసారాలో కూర్చుండి ఒక్కొక్కటిగా నోట నానబెట్టుచు, బిగించుచు, ఊదుచు పరీక్షించినది. మొదటిది పలుకనే లేదు. రెండవది బొంగురు. మూడవది కీచు. మా యమ్మాయి గిన్నెలో నీళ్లు పట్టుకొని యెదుట కూర్చుండెను. ఆఱవది పెట్టినపుడు పెరడంతయు నిండునట్లు ఒక్క షడ్జము నిలిచినది. దొడ్డిలో ఆవు చెవులు నిక్కించినది. ఆ పిల్ల దానినే పట్టుకొని మోహనలో నాలుగు సంగతులు మెల్లగా త్రిప్పెను. లోపలినుండి మా యత్తగారి గొంతు వినవచ్చినది: “అదే, అది బాగుంది. అది ఉంచుకోమను.”

కొంతసేపటికి ఆమె ఎఱ్ఱదారపు ఉండ యొకటి తెచ్చి గడపమీద పెట్టి లోపలికి పోయిరి. చేతికి ఈయలేదు, గడపమీదనే పెట్టిరి. ఆ పిల్ల దారము త్రెంచి పీకకు చుట్టుకొనినది. మా యమ్మాయి, “మఱి నాకు?” అని యడిగెను. ఆ పిల్ల తక్కినవానిలో ఒకదానిని ఏరి దానిచేతిలో పెట్టి, “ఇది నీది. నాది మాత్రం అడగొద్దు” అనినది.

మా యమ్మాయి ఊదుట ఇంకను పిల్లికూతగనే యున్నది.